రాగ్‌టైమ్ నేర్చుకుంటున్నా, ఎడమచెయ్యి మాట వినట్లేదు

మూడోఅంతస్తు | 6 జనవరి, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా సినిమా పాటల కార్డ్‌లు (కలిపి నొక్కే స్వరాలు), హార్మోనియం నుంచి కీబోర్డ్‌కి మారడం లాంటివే కనిపిస్తున్నాయి. రాగ్‌టైమ్ గురించి, అంటే ఆ పాత అమెరికన్ పియానో బాణీ గురించి, అడగొచ్చో లేదో తెలియక మూడు రోజులు ఊరుకున్నాను.

రెండేళ్ల కిందట మా అమ్మాయి కోసం 61 మెట్ల కీబోర్డ్ కొన్నాం. రెండు నెలలు టింగుటింగుమనిపించి అది కూచిపూడికి మారిపోయింది. కీబోర్డేమో మంచం కిందికి చేరింది. కిందటి వేసవిలో దుమ్ము దులుపుదామని బయటికి తీశాను, మళ్లీ లోపల పెట్టలేదు. రాత్రి అంట్లు అయ్యాక గంటసేపు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేనే వాయిస్తున్నాను. కుడిచేతి నొటేషన్ చదవడం వచ్చింది. ఎడమచేతిది వేలు పెట్టి లెక్కపెట్టుకుంటే వస్తుంది.

నవంబర్‌లో ఆ బాణీలోని మేపుల్ లీఫ్ రాగ్ విన్నాను. ఆ రోజు కూర మాడింది. షీట్ ప్రింట్ తీయించి అప్పట్నుంచీ దాని మీదే పడ్డాను. కుడిచెయ్యి విడిగా వస్తోంది, ఎడమచెయ్యి విడిగా వస్తోంది. రెండూ కలిపితే ఒకదాని వెనక ఒకటి ఈడ్చుకుపోతున్నాయి. ఏడు, ఎనిమిది బార్ల (తాళం గళ్ల) దగ్గర ఏ ఫ్లాట్ మైనర్ కార్డ్ కింద నుంచి పైకి మెట్లెక్కినట్టు ఎక్కుతుంది కదా, అక్కడైతే చేతులు ఎక్కడున్నాయో కూడా తెలియట్లేదు. హెడ్‌ఫోన్స్ తీసేసి వినిపిస్తే మావారు "రెండు ఇళ్లలో టీవీలు ఒకేసారి మోగుతున్నట్టుంది" అన్నారు.

61 మెట్లతో ఇది అయ్యే పనేనా? నా చెయ్యి చిన్నది, ఆక్టేవ్ (సా నుంచి పై సా దాకా) అందీ అందనట్టు అందుతుంది. 38 ఏళ్లొచ్చాయి. వదిలేయమంటే చెప్పండి, ఏమీ అనుకోను.

పాత_పియానో | 7 జనవరి, ఉదయం 5:38

అమ్మా, వదిలేయమని చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉంటారు, దానికి ఈ వేదిక ఎందుకు? రాగ్‌టైమ్ అన్న మాట చూసి కాఫీ కూడా పెట్టుకోకుండా కూర్చున్నాను.

నాది సికింద్రాబాద్. చిన్నప్పుడు చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దాయన దగ్గర నొటేషన్ నేర్చుకున్నాను. ఆరాధన అయిపోయి జనం వెళ్లాక ఆయన వెనక హాల్లో పియానో మూత తీసి "ఇది ఆదివారం వాయించేది కాదురా" అంటూనే రాగ్ మొదలుపెట్టేవాడు. నాకిప్పుడు 67. ఆయన ఎడమచెయ్యి ఇంకా చెవిలో ఉంది.

ముందు మేపుల్ లీఫ్‌ని పక్కన పెట్టండి. అది మొదట పట్టుకోవలసిన ముక్క కాదు. 1899లో మిస్సోరీలోని సెడాలియాలో జాన్ స్టార్క్ అనే సంగీత దుకాణదారు దాన్ని అచ్చు వేశాడు, దాన్ని రాసిన స్కాట్ జాప్లిన్‌కి కాపీకి ఒక సెంటు చొప్పున ఇచ్చే ఒప్పందం మీద. ఆ షీట్ కొనుక్కుపోయినవాళ్లలో సగంమంది మీలాగే ఏడో బార్ దగ్గర ఆగిపోయి ఉంటారని నా అనుమానం. మీరు జాప్లిన్‌దే 1902 నాటి ఎంటర్‌టైనర్‌తో మొదలుపెట్టండి. సులువు చేసి రాసిన పిల్లల పుస్తకం కాదు, అసలుదే తీసుకోండి. పాతది కాబట్టి ఉచితంగా దొరుకుతుంది.

ఇక మీ ఎడమచెయ్యి. రాగ్‌టైమ్ పుట్టింది బ్యాండు మార్చ్ లోంచి. మేపుల్ లీఫ్ నెత్తిన "టెంపో ది మార్చియా" (మార్చ్ నడకలో) అని రాసే ఉంటుంది చూడండి. పెళ్లి ఊరేగింపులో పెద్ద డ్రమ్ ధన్ అనగానే వెనకే తాళాలు ఛక్ అంటాయే, ఆ ధన్‌ఛక్ ధన్‌ఛక్ అంతా రాగ్‌లో ఎడమచేతి పనే. కింద బాస్, పైన కార్డ్. కుడిచెయ్యి ఎంత కొంటెతనం చేసినా ఇది నడుస్తూనే ఉండాలి. మీరు కుడిచేతిని వింటూ ఎడమచేతిని దానికి సర్దుతున్నారు. ఊరేగింపులో పిల్లలు ఎటు పరిగెత్తితే అటు బ్యాండు మేళం పోతే ఎలా ఉంటుంది?

వారం రోజులు కుడిచేతిని ఒళ్లో పెట్టుకోండి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 60లో, అంటే నిమిషానికి అరవై దెబ్బలు. బాస్ నొక్కిన మరుక్షణం చెయ్యి కార్డ్ మీదికి వెళ్లిపోవాలి. వెళ్లి, మూడు వేళ్లూ మెట్లకి ఆనించి, అక్కడే ఆగాలి. దెబ్బ వచ్చినప్పుడే నొక్కాలి. మళ్లీ వెంటనే కిందికి దూకి ఆనించి ఆగాలి. దూకుడు తొందరగా, నొక్కుడు నిదానంగా అన్నమాట. అందరూ దెబ్బ పడే క్షణంలో దూకుతారు, అందుకే పక్క మెట్టు పడుతుంది.

61 మెట్లకి అడుగున ఉండేది సి. రాగ్‌లో బాస్ ఆక్టేవ్‌లు దాని కిందికి కూడా పోతాయి. అక్కడ ఆక్టేవ్‌లో పై మెట్టు ఒక్కటే వాయించండి. చెయ్యి అందని చోట కూడా అంతే. జాప్లిన్ వచ్చి తిట్టడు.

దడదడ | 7 జనవరి, మధ్యాహ్నం 1:15

పెద్దాయనా, 60ల వాయిస్తే మా అసుంటోళ్లు కీబోర్డ్ మీదనే నిద్రపోతరు 😄

అక్కా, నేనైతే ఎంటర్‌టైనర్ మూడు వారాలల్ల కొట్టిన. షీట్ గీట్ ఏం లేదు. పైకెళ్లి రంగు గీతలు పడే వీడియోలు ఉంటయి గదా, గవి చూసుకుంట వేళ్లు పెట్టిన. ఇప్పుడు 130ల వాయిస్తున్న. రాగ్‌టైమ్ అంటెనే హుషారు. నిదానంగ వాయిస్తే గది రాగ్‌టైమ్ ఎట్లయితది?

పాత_పియానో | 7 జనవరి, మధ్యాహ్నం 2:02

బాబూ, నా మాట వద్దు, రాసినవాడి మాటే విను. ఎంటర్‌టైనర్ మొదటి గీత మీద జాప్లిన్ పెట్టిన సూచన ఒక్కటే: వేగం వద్దు. మరికొన్ని షీట్ల మీద ఇంకా గట్టిగా అచ్చు వేయించాడు, ఈ ముక్కను వేగంగా వాయించకండి, రాగ్‌టైమ్‌ని వేగంగా వాయించడం ఎప్పుడూ తప్పే అని. 1908లో స్కూల్ ఆఫ్ రాగ్‌టైమ్ అని ఆరు అభ్యాసాలతో చిన్న పుస్తకం వేశాడు. అందులో కూడా ఊపు పట్టుబడేదాకా నిదానంగా వాయించమనే చెప్పాడు. అన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటే ఆ రోజుల్లోనూ నీలాంటివాళ్లు వీధికొకడు ఉండుంటాడు.

మృదంగం_శీను | 7 జనవరి, సాయంత్రం 6:47

నాకు పియానో రాదు, మాది తిరుపతి, మృదంగం నేర్చుకుంటున్నాను. కానీ మూడోఅంతస్తు గారి బాధ చదివి ఎంటర్‌టైనర్ షీట్ తెరిచి చూశాను. నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది మాకు మొదటి ఏడాదిలోనే చెప్పే లెక్క.

ఒక బార్‌లో ఎనిమిది చిన్న భాగాలు. పాట ఎత్తుగడ డి, డి షార్ప్ స్వరాలు. ఆ తర్వాత బార్‌లో ఇ, పై సి, మళ్లీ ఇ, సి, మళ్లీ ఇ, సి. ఇప్పుడు నోటితో అనండి:

తకిట తకిట తక

ప్రతి "త" దగ్గర ఇ పడుతుంది. "క" దగ్గర సి పడుతుంది. "ట" దగ్గర కుడిచెయ్యి ఏమీ కొట్టదు, సి అలా సాగుతూ ఉంటుంది. చివరి "తక"కి "ట" లేదు, ఆ సి తర్వాతి బార్‌లోకి సాగిపోతుంది. 3, 3, 2 కలిస్తే 8. అంతే.

ఎడమచెయ్యి మాత్రం తక తక తక తక. అంటే 1, 3, 5, 7 మీద పడుతుంది. కుడిచెయ్యి 1, 2, 4, 5, 7, 8 మీద పడుతుంది. రెండూ కలిసేవి 1, 5, 7. ఆరో భాగంలో ఎవరూ కొట్టరు. మూడో భాగంలో ఎడమచెయ్యి ఒక్కటే కొట్టాలి.

అక్కా, మీకు కాలు జారేది ఆ మూడు దగ్గరే అయ్యుండాలి. కుడిచెయ్యి ఊరుకుంది కదా అని ఎడమది కూడా ఊరుకుంటుంది, లేదా దాన్ని కూడా లాక్కొచ్చి నాలుగు మీద కొడుతుంది. ఎడమచేత్తో తొడ మీద తాళం వేస్తూ నోటితో తకిట తకిట తక అనండి. కీబోర్డ్ అక్కర్లేదు, బస్సులో కూడా చేసుకోవచ్చు.

పాత_పియానో | 7 జనవరి, సాయంత్రం 7:10

శీనూ, అరవై ఏళ్లుగా నేను "ఒన్ అండ్ టూ అండ్" అని గొణుక్కుంటున్నాను. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా చిన్నతనం బాగుపడేది. ఆ చిన్న భాగాన్ని నేను వీసం అంటుంటాను, మా నాయన లెక్కల్లో పదహారో వంతుకి అదే పేరు. ఆ రెండు మాటలూ కలిపేస్తాను ఇకనుంచి.

మూడోఅంతస్తు | 9 జనవరి, రాత్రి 11:20

శీను గారూ, మూడు దగ్గరేనండీ! ఎలా పట్టారు! ఆఫీసులో భోజనం టైములో తొడ మీద కొట్టుకుంటుంటే పక్క సీటు ఆవిడ "కాలికేమైంది" అని అడిగింది.

నోటితో వస్తోంది. చేతులతో మొదటి బార్ ఒక్కటీ, 50లో, ఇరవైసార్లలో పదకొండుసార్లు వచ్చింది. గీతలు పెట్టుకుని లెక్కపెట్టాను. నా ఉద్యోగం బ్యాంకులో లెండి.

సెయింట్‌లూయిస్_సుబ్బి | 10 జనవరి, ఉదయం 8:05

ఈ దారం నా కోసమే ఎవరో మొదలుపెట్టినట్టుంది. మాది తెనాలి, పదకొండేళ్లుగా అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉంటున్నాం. ఇక్కడ డెల్మార్ వీధిలో జాప్లిన్ అద్దెకున్న ఇల్లుంది. ఇటుకల ఇల్లు, పై వాటాలో ఆయన కాపురం. 1900ల మొదట్లో, అంటే ఎంటర్‌టైనర్ అచ్చయిన రోజుల్లో. ఇప్పుడది రాష్ట్ర ప్రభుత్వ స్మారకం. గదులు చిన్నవి, మన పాత పోర్షన్ల ఇళ్లలాగే. అక్కడ కాగితం చుట్టలతో మోగే ప్లేయర్ పియానో ఉంది. చుట్ట పెడితే మెట్లు వాటంతటవే కిందికీ పైకీ పోతుంటాయి. మావాడికి అప్పుడు నాలుగేళ్లు. పియానో ముందు కూర్చున్న దెయ్యం ఎక్కడని వెతికాడు.

ఇంకో సంగతి. ఇక్కడ వేసవిలో వీధుల్లోకి వచ్చే ఐస్‌క్రీమ్ బండ్లు మోగించే పాటల్లో ఎంటర్‌టైనర్ ఒకటి. మన దగ్గర పీచుమిఠాయి గంట ఎలాగో ఇక్కడి పిల్లలకి అదలాగ. మా పిల్లలకి అది జాప్లిన్ పాటని చెప్తే నమ్మరు, "అది ఐస్‌క్రీమ్ పాట" అంటారు. దడదడ బ్రదర్, మీరు 130లో వాయిస్తుంటే మీ వీధిలో పిల్లలు చిల్లర పట్టుకుని వస్తారు జాగ్రత్త.

దడదడ | 10 జనవరి, ఉదయం 9:30

అందరూ నా మీదనే పడ్డరు. సరే, మరి 130ల తప్పు లేకుండ వచ్చినోనికి 60ల రాదా ఏంది? ఇయ్యాల రాత్రి రికార్డ్ చేసి పెడ్త.

కాఫీకప్పు | 10 జనవరి, ఉదయం 11:44

చాలాకాలంగా చదవడమే తప్ప రాయని దాన్ని. మా పాపకి పన్నెండేళ్లు, పియానో గ్రేడ్ పరీక్షలకి వెళ్తోంది. రాగ్‌టైమ్ నేర్పమని అడిగితే వాళ్ల టీచర్ "ఆ సర్కస్ పాటలు వాయిస్తే చెయ్యి పాడవుతుంది, ముందు అసలు సంగీతం రానివ్వండి" అన్నారు. పాప ముఖం చిన్నబోయింది. నిజంగా చెయ్యి పాడవుతుందా?

పాత_పియానో | 10 జనవరి, మధ్యాహ్నం 12:30

చెయ్యి పాడయ్యేది బిగపట్టి వాయిస్తే. అది బాఖ్ వాయించినా పాడవుతుంది. రాగ్‌లో ఎడమచెయ్యి దూకుళ్లు, కుడిచేతి ఆక్టేవ్‌లు ఎక్కువ కాబట్టి బిగుసుకునే ప్రమాదం ఇంకాస్త ఎక్కువని ఒప్పుకుంటాను. పన్నెండేళ్ల చేతికి ఆక్టేవ్‌లు తగ్గించి ఇవ్వాలి, పూట పూటంతా ఒకే ముక్క వాయించనివ్వకూడదు. అంతవరకే.

"అసలు సంగీతం" అన్న మాటకి మాత్రం నాకు కోపం వచ్చింది. జాప్లిన్ చిన్నప్పుడు టెక్సర్కానాలో జూలియస్ వైస్ అనే జర్మన్ మాస్టారి దగ్గర చదువుకున్నాడు. తన రాగ్‌లని కాలక్షేపం సరుకుగా చూస్తే ఆయనకి మంట. సింకోపేషన్ (తాళం దెబ్బ తప్పించి స్వరం పడటం) ఉన్నంత మాత్రాన పాట చవకబారుది కాదని ఆ 1908 పుస్తకంలోనే వాదించాడు. ట్రీమనిషా అని పూర్తి ఆపెరా రాసి, వేసేవాళ్లు లేక 1911లో తన డబ్బుతో అచ్చు వేసుకున్నాడు. అది నిండుగా వేదిక ఎక్కింది 1972లో. అప్పటికి ఆయన పోయి 55 ఏళ్లు. సమాధి మీద పేరు కూడా 1974లోనే పడింది, న్యూయార్క్‌లో, అంతవరకు గుర్తు లేని మట్టి. 1976లో పులిట్జర్ వాళ్లు ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. ఏం లాభం.

సెయింట్‌లూయిస్_సుబ్బి | 10 జనవరి, రాత్రి 9:15

"సర్కస్ పాట" అనే చిన్నచూపు ఆ టీచర్‌తో మొదలైంది కాదు. నల్లజాతి పియానిస్టులకి పెద్ద హాళ్ల తలుపులు తెరవలేదు. దొరికిన కొలువు మందుకొట్లలో, క్లబ్బుల్లో. అక్కడ పుట్టింది కాబట్టి అక్కడి వాసనే అంటగట్టారు. మేపుల్ లీఫ్ అన్న పేరున్న క్లబ్బు సెడాలియాలో ఉండేది, జాప్లిన్ అక్కడ వాయించేవాడు.

కాఫీకప్పు గారూ, మీ పాప చేత సొలేస్ (1909) వాయించి చూడండి. నిదానంగా ఊగే ముక్క, మెక్సికన్ సెరెనేడ్ అని కింద రాసి ఉంటుంది, ఎడమచేతి పోకడ కూడా వేరు. టీచర్‌కి పేరు చెప్పకుండా వినిపించండి. సర్కస్ ఎక్కడ కనిపించిందో ఆవిడే చెప్పాలి.

దడదడ | 11 జనవరి, రాత్రి 12:40

పెట్టిన రికార్డ్, పైన ఉన్నది. నవ్వకుండ్రి.

60ల రాలేదు. నిజంగ రాలేదు. చెయ్యి యాదికి ఉన్నది గని ఎక్కడ ఏం పడుతుందో నాకే తెల్వదు. మెల్లగ చేస్తే మధ్యల ఆగి "తర్వాత ఏంది" అని ఆలోచించాల్సి వస్తున్నది. శీను చెప్పిన మూడో భాగంల నేను కార్డ్ కొడ్తనే లేను! 130ల ఎవ్వరికి వినపడదు గాబట్టి ఇన్ని రోజులు నడిచింది.

ఇంకోటి. ముంజేయి పైభాగం నెల నుంచి నొస్తున్నది. జిమ్ముల వచ్చిందనుకున్న.

పాత_పియానో | 11 జనవరి, ఉదయం 5:20

విన్నాను. నవ్వలేదు. నీ కుడిచేతిలో మంచి మెరుపు ఉంది, ఇది మర్యాదకి అనడం లేదు.

నొప్పి సంగతి. నాలుగు రోజులు పూర్తిగా ఆపు. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించు, ఇక్కడ అడగకు. తర్వాత కుర్చీ ఎత్తు చూసుకో. మోచెయ్యి మెట్ల మట్టానికి రావాలి, వీడియోలో నువ్వు మంచం మీద కూర్చుని చేతులు పైకెత్తి వాయిస్తున్నావు. భుజాలు చెవుల దగ్గరికి వచ్చేశాయి. కార్డ్ కొట్టాక ఆ మెట్లని గుచ్చి పట్టుకోవద్దు, పొయ్యి మీది గిన్నె మూత తీసినట్టు చటుక్కున వదిలెయ్. ఎడమచెయ్యి కార్డ్‌లు పొట్టిగా, తేలిగ్గా ఉండాలి. బరువు బాస్‌కి ఇవ్వు.

స్వరాన్ని సాగదీసే పెడల్ కూడా తీసెయ్. ధన్‌ఛక్ మధ్య ఉన్న ఆ ఖాళీ వినపడాలి. పెడల్ తొక్కితే పాయసంలో సాంబారు కలిసినట్టే.

కొత్తచేరిక | 14 జనవరి, సాయంత్రం 4:00

భోగి శుభాకాంక్షలు అందరికీ. ఒక సందేహం. జాజ్‌లో లాగా స్వింగ్ చేసి, అంటే మొదటి నోట్ పొడుగ్గా రెండోది పొట్టిగా, అలా వాయించాలా? నేను విన్న రికార్డింగులు కొన్ని అలా ఉన్నాయి, కొన్ని గీత గీసినట్టు ఉన్నాయి.

పాత_పియానో | 14 జనవరి, సాయంత్రం 5:25

రాసింది సమంగానే. నేర్చుకునేటప్పుడు సమంగానే వాయించండి. శీను లెక్క కూడా సమంగా ఉంటేనే కుదురుతుంది. తర్వాత మీ ఇష్టం. జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ 1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం ఇదే మేపుల్ లీఫ్‌ని రెండు రకాలుగా వాయించి చూపించాడు, ఒకటి సెయింట్ లూయిస్ పద్ధతిలో, రెండోది తన న్యూ ఆర్లియన్స్ పద్ధతిలో. ఆ రెండూ వెంటవెంటనే వినండి, రాగ్ ఎక్కడ ఆగి జాజ్ ఎక్కడ మొదలవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

కొత్తచేరిక | 14 జనవరి, సాయంత్రం 5:50

మరి జాప్లిన్ స్వయంగా వాయించిన రికార్డ్ వింటే సరిపోతుంది కదా?

సెయింట్‌లూయిస్_సుబ్బి | 15 జనవరి, ఉదయం 7:30

ఆయన శబ్దం రికార్డ్ కాలేదండీ. 1916లో చేసిన పియానో చుట్టలు కొన్ని మాత్రం ఉన్నాయి. అప్పటికి జబ్బు ముదిరింది, మరుసటి ఏప్రిల్ 1న పోయాడు. ఒక చుట్టలో తడబాటు స్పష్టంగా వినిపిస్తుంది. పైగా చుట్ట ఎంత వేగంగా తిప్పితే పాట అంత వేగం. అది విని "జాప్లిన్ ఇంత వేగంతో వాయించాడు" అనడం, పాత ఫొటో చూసి మనిషి ఎత్తు చెప్పినట్టే.

నిర్వాహకుడు | 15 జనవరి, ఉదయం 10:00

స్వింగ్ గొడవ ఇక్కడితో ఆపుదాం. మధ్యలో వచ్చిన పదిహేడు పోస్టులు వేరే దారంలోకి మార్చాను. "ఏ కీబోర్డ్ కొనాలి" అనేవాళ్లకి పైన పిన్ చేసిన దారం ఉంది.

మూడోఅంతస్తు | 2 మార్చి, రాత్రి 10:35

చాలా రోజులైంది, మార్చి క్లోజింగ్ పనులు. అయినా రోజుకి ఇరవై నిమిషాలు మానలేదు.

ఎంటర్‌టైనర్ మొదటి భాగం మొత్తం, పదహారు బార్లు, 60లో తప్పుల్లేకుండా వచ్చింది. రెండో భాగం కూడా దాదాపు వచ్చినట్టే. మూడోది ఎఫ్ స్కేల్‌లోకి మారుతుంది, అక్కడ బి ఫ్లాట్ మర్చిపోతున్నాను. ఒక విషయం గమనించాను, తప్పైతే చెప్పండి. సి స్కేల్‌లో ఉన్న ఎంటర్‌టైనర్ కంటే ఏ ఫ్లాట్‌లో ఉన్న మేపుల్ లీఫ్ దూకుళ్లే నా ఎడమచేతికి తేలిగ్గా తగులుతున్నాయి. అన్ని ఫ్లాట్‌లు ఉన్నది కష్టం అవ్వాలి కదా?

పాత_పియానో | 3 మార్చి, ఉదయం 5:45

తప్పు కాదు. చదవడానికి కష్టం, వాయించడానికి సుఖం. తెల్ల మెట్లన్నీ వేలికి ఒకేలా ఉంటాయి, కరెంటు పోయిన గదిలో నున్నటి గోడ తడిమినట్టు. నల్ల మెట్టు పైకి ఉబ్బి ఉంటుంది, చిటికెనవేలు దాన్ని తాకగానే ఇల్లు తెలిసిపోతుంది. మేపుల్ లీఫ్ మళ్లీ తెరిచారన్నమాట దొంగచాటుగా. సరే, ఇప్పుడు తెరవొచ్చు. ఏడు, ఎనిమిది బార్లని మాత్రం నోట్లుగా చదవొద్దు. అదంతా ఒకే కార్డ్, ఆక్టేవ్ ఆక్టేవ్‌కి పైకి మారుతోంది. ముందు విడదీయకుండా ఒక్కో చోట గుత్తగా నొక్కి చూడండి, చేతులు ఎక్కడెక్కడ దిగాలో తెలిశాక విడదీయండి.

దడదడ | 3 మార్చి, మధ్యాహ్నం 1:50

అక్కా సూపర్! నేను 72 దాక వచ్చిన. నొప్పి పోయింది. షీట్ చదువుడు కూడ షురూ చేసిన, మస్తు స్లోగ. మా నాయిన అడిగిండు, "ముందుగాల బాగ వాయిస్తుంటివి, ఇప్పుడు మర్చిపోయినవా" అని 😭

కాఫీకప్పు | 8 మార్చి, ఉదయం 11:10

సొలేస్ వినిపించాం. పేరు చెప్పలేదు. టీచర్ గారు మొత్తం విని "ఎవరిది, బాగుంది" అన్నారు. పాప చెప్పేసింది. ఆవిడ ఒక నిమిషం ఏమీ అనలేదు, తర్వాత "రెండో పేజీలో నాలుగో వేలు వాడు" అన్నారు. ఆ పేజీ మీద పెన్సిల్‌తో వేళ్ల నంబర్లు కూడా రాశారు.

మృదంగం_శీను | 20 జూన్, సాయంత్రం 7:05

ఈ దారం మళ్లీ పైకి తెస్తున్నా, క్షమించండి. జాప్లిన్‌వి ఒక్కొక్కటే నొక్కులు లెక్కపెట్టుకుంటూ చూస్తున్నాను (వ్యసనమైంది). రాగ్‌టైమ్ డాన్స్, 1906లో అచ్చయినది, అందులో విచిత్రం ఉంది. మధ్యలో సంగీతం ఆగే చోట "స్టాంప్" అని రాసి ఉంటుంది. వాయించేవాళ్లు మడమతో నేల మీద గట్టిగా కొట్టాలట. మునివేళ్లు మాత్రం నేల నుంచి లేవకూడదని కూడా రాశాడు. పియానో షీట్‌లో కాలికి సొల్లుకట్టు (తాళానికి పలికే మాటలు)!

మూడోఅంతస్తు | 29 జూన్, రాత్రి 9:55

శీను గారూ, మీ వల్ల మా ఇంట్లో జరిగింది వినండి.

రాగ్‌టైమ్ డాన్స్ ప్రింట్ తీయించాను. ఆ ఆగే చోట చేతులు చూసుకోవాలా, కాలు చూసుకోవాలా అని తికమకపడుతుంటే మా అమ్మాయి తొంగిచూసి "ఇక్కడేం చెయ్యాలమ్మా" అంది. స్టాంప్ అన్న చోట వేలు పెట్టి చూపించాను. మునివేళ్లు లేపకుండా మడమ కొట్టాలని చెప్పాను. "ఓస్, ఇదా" అని కీబోర్డ్ పక్కన నిలబడి కొట్టింది. చక్కగా, లెక్క తప్పకుండా. రెండేళ్ల కూచిపూడి ఊరికే పోలేదు. మూడోసారికి గజ్జెలు కట్టుకొచ్చింది. నేను హెడ్‌ఫోన్స్ పీకేసి స్పీకర్ పెట్టాను. వేగం 66, పాత_పియానో గారూ, ఒట్టు.

ఐదోసారికి రెండో అంతస్తు ఆవిడ తలుపు కొట్టింది. ఇంట్లో దంచుతున్నారా అని. చూపించాం. కూర్చుని కాఫీ తాగి వెళ్లింది. వెళ్తూ, ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మాత్రం ఆ కాలి పాట వద్దు, వాళ్లాయన పడుకుంటారు అంది.

ఒక సాంకేతిక సందేహం మిగిలింది. పేజీ తిప్పే చోటే స్టాంప్ కూడా వచ్చింది. అమ్మాయి కాళ్ల పనిలో ఉంటుంది, నా రెండు చేతులూ పనిలో ఉంటాయి. మీరంతా పేజీ ఎలా తిప్పుతున్నారు?

పాత_పియానో | 30 జూన్, ఉదయం 5:31

ఫోటోకాపీ తీసి పేజీలన్నీ పక్కపక్కన టేపుతో అంటించండి, వెనక అట్ట పెట్టండి. నాలుగు పేజీలదాకా ఆగుతుంది. ఫ్యాన్ మాత్రం ఆపుకోవాలి.

దడదడ | 30 జూన్, ఉదయం 9:12

మీ ఆయనని నిలబెట్టుండ్రి అక్కా పేజీ తిప్పనీకి. రెండు టీవీలు అన్నడు గదా.